ఎర్ర ఇంజను కూత

ఏప్రిల్ 2

ఎర్ర ఇంజను మళ్ళీ నా బల్ల మీదికి వచ్చింది. మా బొమ్మ రైళ్ళ హాలు మేనేజరమ్మ స్వయంగా తువ్వాల్లో చుట్టి తెచ్చింది. వయసులో నాకంటే చాలా చిన్నది. పెద్దవాళ్ళను నొప్పించకుండా మాట్లాడటం తెలిసిన మనిషి. అందుకే ఆవిడ గొంతు మెత్తబడితే చెప్పబోయేది మంచి మాట కాదని ముందే తెలిసిపోతుంది.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. దీని కూత మరీ చెవిలో గుచ్చుకుంటోందట. నిన్న ఒకాయన పాపను ఎత్తుకుని మధ్యలోనే లేచి వెళ్ళిపోయారు."

గుచ్చుకోవడమేమిటి? బల్ల మీది చిన్న పట్టా మీద పెట్టి నడిపాను. ఆవిరి చప్పుడు దివ్యంగా ఉంది. కూత మీట నొక్కితే మాత్రం దుప్పటి ముసుగేసుకుని కూసినట్టుంది. బ్రేకుల కీచు అసలే లేదు. ఇది చప్పుడు ఎక్కువైన జబ్బు కాదు, తక్కువైన జబ్బు. జనానికి వినడం చేతకాకపోతే నేనేం చేసేది? రేపు విప్పి చూడాలి.

ఏప్రిల్ 3

విప్పాను. వైర్లు ఎక్కడా నలగలేదు. స్పీకరు పొర చిరగలేదు. అయినా స్పీకరు మార్చేశాను. తేడా లేదు.

బావమరిది పక్కన కూర్చుని చూశాడు. మా ఆవిడ తమ్ముడు వాడు. ఈ బొమ్మ రైళ్ళ హాల్లో కొండలు, చెట్లు, స్టేషన్లు చేసేది వాడే. ఒళ్ళంతా థర్మోకోల్ పొడి వేసుకుని తిరుగుతుంటాడు. ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉన్నా రైలు గురించి ఓనమాలు రావు.

"బావా, ఇంత చిన్న పెట్టెలోంచి అంత గోల ఎలా వస్తుంది?" అన్నాడు.

మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఇంజను కడుపులో గోరంత డీకోడర్ ఉంటుంది. పట్టాల్లోంచి వచ్చే ఆజ్ఞలు అందుకుని చక్రాలు తిప్పేదీ, చప్పుళ్ళు పలికించేదీ అదే. ఏ చప్పుడు ఎంత ఉండాలో అంకెలతో దానికి నేర్పాలి. కూతకో అంకె, గంటకో అంకె, బ్రేకుకో అంకె. ఏ అంకె వేస్తే ఆ ఇంజనుకు నప్పుతుందో ఎక్కడా రాసి ఉండదు. విని వెయ్యాలి. ఈ హాల్లో ఉన్న ప్రతి ఇంజనుకూ గొంతు పెట్టింది నేనే. వాటి అంకెలు వాటి కడుపుల్లోనే ఉన్నాయి. నాకు రాసి పెట్టుకునే అలవాటు లేదు. వంటకు ఉప్పెంతో రాసుకునేవాళ్ళు ఉంటారా?

"అయితే ఇదంతా నీ చెవుల చలవే" అన్నాడు. మెచ్చుకున్నాడో వెటకారమో తెలియలేదు. వాడి మాటలెప్పుడూ అంతే.

ఏప్రిల్ 6

స్పీకరు చుట్టూ గమ్ పెట్టి సందులు మూశాను. గాలి కారితే చప్పుడు పల్చబడుతుంది. తేడా లేదు.

మా ఆవిడ ఈమధ్య మాటలు మింగేస్తోంది. కుళాయి తిప్పి, గిన్నెలు తోముతూ, అటు తిరిగి మాట్లాడితే ఎవరికి అర్థమవుతుంది? "ఆఁ, సరే" అన్నాను. ఏమడిగిందో తెలియదు. ఇంట్లో చాలా వాటికి సరే అంటే గడిచిపోతుంది.

ఏప్రిల్ 9

పట్టాలు తుడిచాను. చక్రాలు తుడిచాను. మురికి పడితే కరెంటు తెగి చప్పుడు ముక్కలవుతుంది. తేడా లేదు.

ఏప్రిల్ 12

సరే అన్నందుకు ఫలితం ఇవాళ తెలిసింది. మొన్న గిన్నెల దగ్గర మా ఆవిడ అడిగిందట, చెవి పరీక్షకు పేరు రాయించనా అని. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా చేతికిచ్చి నిలబడింది. సరే అన్నవాణ్ణి కాబట్టి తొడుక్కుని బయల్దేరాను.

గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికో బటన్ ఇచ్చారు. చప్పుడు వినపడగానే నొక్కాలి. నొక్కుతూ పోయాను. కాసేపటికి చప్పుళ్ళు ఆగిపోయాయి. అవతల కూర్చున్న అమ్మాయి మాత్రం ఏదో మీట నొక్కుతూనే ఉంది. నొక్కినప్పుడల్లా ఆ పిల్ల భుజం కొంచెం లేస్తోంది. భుజం లేచినప్పుడల్లా నేనూ బటన్ నొక్కాను. వాళ్ళ మిషన్ ఎక్కడో తెగినట్టుంది. దానికి నేను బలి కావడమెందుకు? పరికరాలు మొరాయించడం నాకు కొత్తా?

చెవులు బాగున్నాయని కాగితం ఇచ్చారు. మా ఆవిడ దాన్ని చదివి, మళ్ళీ ఇంకోసారి చదివి, మడిచి సంచీలో పెట్టుకుంది. సంతోషపడుతుందనుకున్నాను.

ఏప్రిల్ 15

అయితే జబ్బు డీకోడర్‌దే. పాతది తీసి కొత్తది వేశాను. అన్ని ఇంజన్లకూ ఒకే రకం డీకోడర్ వెయ్యడం మొదటి నుంచీ నా పట్టుదల, కాబట్టి అరలో కొత్తవి ఎప్పుడూ ఉంటాయి. సోల్డరింగ్ చేసేసరికి మెడ పట్టేసింది. పట్టా మీద పెట్టి కూత మీట నొక్కాను.

తేడా లేదు.

డీకోడర్లు అమ్మేవాడికి ఫోన్ చేశాను. సరుకు మొత్తం ఒకేలా తేలిపోయిందేమో కనుక్కుందామని. వాడేదో గొణిగాడు. ఈ ఫోన్లు కూడా ఈమధ్య బొత్తిగా పనికిరాకుండా పోయాయి. నాలుగుసార్లు ఏమిటి ఏమిటి అని అడిగి, విసుగొచ్చి పెట్టేశాను.

ఇదంతా వింటూ బావమరిది కొండకు పచ్చరంగు పూస్తున్నాడు. "బావా, ఒక మాటంటే కోపం తెచ్చుకోవుగా? టీవీ పాడైపోయిందన్నావు. ఫోను పాడైపోయిందన్నావు. అక్క మాట మింగేస్తోందన్నావు. ఇప్పుడు ఇంజను. అన్నీ కూడబలుక్కుని ఒకేసారి పాడైపోయాయా?"

ఒళ్ళు మండింది. చెవి డాక్టరు కాగితం చూపిద్దామంటే అది మా ఆవిడ సంచీలో ఉండిపోయింది.

ఏప్రిల్ 18

మేనేజరమ్మ గదిలోకి పిలిచింది. తలుపు వేసింది. మంచినీళ్ళు ఇచ్చింది. ఇన్ని మర్యాదలంటే చెప్పబోయేది మరీ చెడ్డ మాటన్నమాట.

కొత్త కొండ భాగం వచ్చే నెలలో తెరుస్తారు. అంతకుముందు మన ఇళ్ళవాళ్ళందరినీ పిలిచి ఒకసారి నడిపి చూపిద్దామంది. హాలు తెరిచిన క్షణంలో ఇంజన్లన్నీ ఒక్కసారి కూసి బయల్దేరాలని ఆవిడ కోరిక.

"కూతల సంగతి అప్పటికి తేలకపోతే మాత్రం, మాస్టారూ, బయటివాళ్ళను పిలవాల్సి వస్తుంది. పైకప్పుకు స్పీకర్లు బిగించి ఒకటే రికార్డు వేస్తారట. ఇంజన్లలో చప్పుడు ఆపేస్తే సరిపోతుందట."

"ఇంజను ఇక్కడుంటే కూత కప్పులోంచి వస్తుందా అమ్మా?"

"నాకూ ఇష్టం లేదు. కానీ జనం లేచి వెళ్ళిపోతున్నారు."

"మరి నేనేం చెయ్యాలి?"

"పట్టాలు చూసుకునేవాళ్ళు ఎప్పుడూ కావాలి కదండీ."

పట్టాలు తుడుచుకుంటూ బతకమంది. ఆవిడ తప్పేం లేదు. బల్ల దగ్గరికి వచ్చి ఊరికే కూర్చున్నాను. భయం వేసింది. ఈ పని తప్ప నాకు ఇంకేం వచ్చు?

ఏప్రిల్ 20

ఎర్ర ఇంజను. ఇంకో స్పీకరు. తేడా లేదు.

ఏప్రిల్ 21

తేడా లేదు. అలిసిపోయాను. మా ఆవిడ ఏదో అంది. సరే అన్నాను.

ఏప్రిల్ 26

భోజనాల వేళ, హాల్లోనే కూర్చుని రాస్తున్నాను.

ఇవాళే ఇళ్ళవాళ్ళు వచ్చేది. పొద్దున్నే ఒక నిర్ణయానికి వచ్చేశాను. ఎర్ర ఇంజను కూత అంకెను చివరిదాకా పెంచేశాను. గంటకూ, బ్రేకుకూ, మొత్తం గొంతుకూ అంతే. ఇప్పుడు కాస్త ఇంజనులా పలుకుతోంది. ఇది విని కూడా ఎవరైనా వంకలు పెడితే వాళ్ళ కర్మ. తీసుకెళ్ళి మిగతా ఇంజన్ల పక్కన వరసలో నిలబెట్టాను. ఎర్రరంగు మీద లైటు పడి ముద్దుగా ఉంది.

మా ఆవిడ కూడా వస్తోంది. నా డబ్బాలు చూడటానికి రావడం ఇదే మొదటిసారి. డబ్బాలనే అంటుంది వాటిని.

ఏప్రిల్ 26, సాయంత్రం

ఇవాళ రాయలేను.

ఏప్రిల్ 28

రాస్తాను. రాయకపోతే ఇది లోపలే తిరుగుతోంది.

మేనేజరమ్మ నాలుగు మాటలు చెప్పి మీట నొక్కింది. ఇంజన్లన్నీ ఒక్కసారి కూశాయి. నాకు వినపడ్డాయి. ఎర్రది ఒక్కటే కాదు, అన్నీ. సరుకుల ఇంజను, కొండెక్కే ఇంజను, ముసలి నల్లది, దేని గొంతు దానికి విడివిడిగా తెలిసింది. ఎన్నాళ్ళయిందో అలా విని. నేను చేత్తో పెంచిన గొంతులవి. ఒళ్ళు పులకరించింది. జబ్బు కుదిరిందనుకున్నాను. బావమరిదికి చూపిద్దామని అటు తిరిగాను.

వాడు రెండు చేతులతో చెవులు మూసుకుని వంగిపోయి ఉన్నాడు.

అందరూ అంతే. టికెట్లు చించే ఆయన మోచేతుల మధ్య తల దూర్చుకున్నాడు. ఒకావిడ పిల్ల మొహాన్ని కడుపుకు అదుముకుంది. ఆ పిల్ల నోరు తెరిచి ఏడుస్తోంది, ఏడుపు నాకు వినపడటం లేదు. మేనేజరమ్మ ఒక చెవి భుజానికి నొక్కిపెట్టి, రెండో చేత్తో ఆపే మీట కోసం తడుముకుంటోంది. అంతమందిలో చెవులు మూసుకోనిది మా ఆవిడ ఒక్కతే. ఇంజన్లకేసి చూడటం లేదు. నాకేసి చూస్తోంది.

ఆపేశాక హాల్లో ఎవరూ మాట్లాడలేదు. లేదా మాట్లాడారేమో.

ఏం జరిగిందో బావమరిది కనిపెట్టాడు. నా బల్ల వెనక గోడకు ఒక మీట ఉంది. ఏ ఇంజనుకైనా అంకెలు మార్చేముందు దాన్ని కిందికి దించి, బల్ల మీది పట్టాను హాలు పట్టాల నుంచి విడదీయాలి. విడదీయకపోతే మనం ఒకదానికి చెప్పే అంకె పట్టాల మీద ఉన్న ప్రతి ఇంజనూ తనకే అనుకుని రాసేసుకుంటుంది. కొత్తగా పనిలో చేరినవాడికి మొదటిరోజు చెప్పే మాట అది. నేనే చెబుతాను.

"మీట సగంలో ఆగిపోయి ఉంది బావా" అన్నాడు, నా మొహానికి దగ్గరగా వచ్చి.

నేనెప్పుడూ ఆ మీటను తిరిగి చూడను. కుర్చీలోంచి లేవకుండా చెయ్యి వెనక్కి పెట్టి లాగుతాను. పూర్తిగా పడితే టక్కుమంటుంది. ఆ చప్పుడు విని పని మొదలుపెడతాను. మొన్న విన్నానా? వినలేదు. అంతకుముందు? ఎర్ర ఇంజనుతో కుస్తీ పట్టిన ఈ రోజుల్లో ఎప్పుడైనా విన్నానా? చాలాకాలంగా ఆ టక్కు నాకు లేదు. లేదని కూడా గమనించలేదు. ఎప్పటిలాగే లాగాను, ఎప్పటిలాగే పడిందనుకున్నాను.

ఇంజన్లన్నిటి గొంతులూ పోయాయి. ఒక్కోదాని కోసం ఎన్ని రోజులు కూర్చుని విన్నానో ఆ అంకెలన్నీ చెరిగిపోయాయి. మళ్ళీ వెయ్యాలంటే మళ్ళీ వినాలి.

నాకు వినపడటం లేదు. రాసేశాను.

ఏప్రిల్ 29

సెలవు పెట్టాను. మా ఆవిడ కుర్చీ తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది.

"మీరు నవ్వారు" అంది. "అందరూ చెవులు మూసుకుంటే మీరొక్కరే నవ్వుతూ నిలబడ్డారు."

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"అన్నిటికీ సరే అనడం మొదలుపెట్టినప్పటి నుంచి. ముందు సంతోషపడ్డాను. ఈ వయసులో మంచితనం వచ్చిందేమో అనుకున్నాను."

నవ్వొచ్చింది. నవ్వు ఎటో వెళ్ళి కళ్ళలోకి వచ్చింది.

"మరి చెప్పలేదేం?"

"చెప్పాను. అటు తిరిగి చెప్పాను. మొహం చూస్తూ చెప్పే ధైర్యం లేక."

చెవి పరీక్షలో ఆ పిల్ల భుజం చూసి నొక్కానని చెప్పాను. తిడుతుందనుకున్నాను. లేచి నా చొక్కా కాలరు సరిచేసి, కాఫీ పెట్టడానికి వెళ్ళింది. అటు వెళ్తూ ఏదో అంది. సరే అనబోయి ఆగాను.

"వినపడలేదు. మళ్ళీ చెప్పు."

వెనక్కి వచ్చి చెప్పింది. చక్కెర వెయ్యనా అని. అంతే.

మే 2

మళ్ళీ చెవి పరీక్ష. ఈసారి కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాను. చాలాసేపు బటన్ నొక్కే పని పడలేదు.

సన్నటి, కీచుమనే చప్పుళ్ళు పోయాయట. మెల్లమెల్లగా పోతే మనిషికి తెలియదట. చెవికి మిషన్ పెట్టుకుంటే మాటలు తెలుస్తాయి, మరీ సన్నటి చప్పుళ్ళు మాత్రం తిరిగి రావని డాక్టరు చెప్పాడు. కూతలు వస్తాయా అని అడిగాను. ఆయనకు అర్థం కాలేదు. వివరించే ఓపిక నాకూ లేకపోయింది.

మే 4

మేనేజరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఇంతకాలం ఆవిడ గొణుగుతోందనుకున్నానని కూడా చెప్పాను. కళ్ళు దించుకుంది. తరవాత తలెత్తి, ఒక్కో మాటా నిలిపి అంది.

"తెరిచేలోపు అన్నీ మళ్ళీ సరిచేయగలిగితే కప్పు స్పీకర్లు వద్దని చెప్పేస్తాను. చేతులు మీవే ఉండాలి మాస్టారూ. వినేది మాత్రం ఇంకొకరు."

కోపం రాలేదు. రావడానికి కూడా ఓపిక ఉండాలి.

మే 5

వినిపెడతావా అని బావమరిదిని అడిగాను. వాడికి ఏ ఇంజను కూసినా ఒకటేనట. ఇంట్లో ఈ మాట చెబితే మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ "నేను రానా?" అంది.

"నీకేం తెలుసు వాటి గురించి?"

"గొంతుల గురించి తెలుసు. పెద్ద ఉమ్మడి కుటుంబంలో పెరిగాను."

మే 6

మా ఆవిడ బల్ల దగ్గర కుర్చీ వేసుకుంది. నేను లేచి, వెనక్కి తిరిగి, కళ్ళతో చూసి మీట దించాను. అంకె మారుస్తాను, ఆవిడ వింటుంది. చెయ్యి పైకెత్తితే పెంచాలి, దించితే తగ్గించాలి. పొద్దుటి నుంచి కొండెక్కే ఇంజను ఒక్కటే అయింది. ఇద్దరం కీచులాడుకున్నాం.

"అంత తక్కువైతే కొండ అవతలికి ఎలా వినపడుతుంది?"

"ఎక్కలేక ఆయాసపడుతోంది పాపం. ఆయాసంలో ఎవరైనా అరుస్తారా?"

నేనెప్పుడూ అలా ఆలోచించలేదు. తగ్గించాను.

మే 9

ముసలి నల్లది అయింది. మా ఆవిడ దాన్ని పెద్దత్తయ్య అంటోంది. గొంతు సవరించుకోకుండా మాట మొదలుపెట్టేది కాదట ఆవిడ. అందుకని కూతకు ముందు కొంచెం ఆవిరి వదిలేలా పెట్టమంది. పెట్టాను. నాకు ఆవిరి మాత్రమే వినపడింది. పక్క బల్ల నుంచి బావమరిది తలెత్తి, "మన పెద్దత్తయ్యేనే అక్కా" అన్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి కాళ్ళు పీకుతున్నాయి.

మే 12

రెండు ఇంజన్లు. ఒకదానికి మా ఆవిడ కుదిర్చిన అంకె నాకు నచ్చలేదు. ఆ సంగతి తనతో అన్నాను. "మీరు వినకుండా నచ్చలేదంటే ఎలా?" అంది. అని నాలిక్కరుచుకుంది. నేను పట్టించుకోనట్టు స్క్రూడ్రైవరు వెతికాను. నిజానికి గుచ్చుకుంది. నిజమే కాబట్టి గుచ్చుకుంది.

మే 14

అలసట.

మే 17

మిషన్ వచ్చింది. చెవిలో పెట్టుకుంటే పళ్ళెం చప్పుడు, చెప్పుల చప్పుడు అన్నీ మీదికి వస్తున్నాయి. మా ఆవిడ గొంతు రేకు డబ్బాలోంచి వస్తున్నట్టుంది. అలవాటవుతుందట. హాల్లో ఇంజన్లు నడిపి చూశాను. డాక్టరు చెప్పిందే నిజం.

మే 20

ఇవాళ ఎర్ర ఇంజను. ఇదొక్కటే మిగిలింది. కావాలనే చివరికి ఉంచాను.

మీట చూసి దించాను. చివరిదాకా పెంచిన కూత అంకె అలాగే ఉంది. నొక్కాను. దూరంగా, సన్నగా, నాకు వినపడింది. మా ఆవిడ మొహం ముడుచుకుని చెయ్యి దించింది. తగ్గించాను. మళ్ళీ చెయ్యి దించింది. తగ్గించాను. ఇంకొంచెం తగ్గితే నాకు పోతుందని తెలుసు. తనకూ తెలిసినట్టుంది, చెయ్యి గాల్లో అలాగే ఆగిపోయింది.

"మీకు వినపడేంత ఉంచుకుందామా? ఇదొక్కటే కదా" అంది, నాకేసి తిరిగి.

"ఎవరూ లేచి వెళ్ళిపోకుండా ఎంతుండాలో చెప్పు."

చెయ్యి దించింది. తగ్గించాను. మళ్ళీ దించింది. మళ్ళీ తగ్గించాను. ఇంజను పట్టా మీద అటూ ఇటూ నడుస్తోంది. చక్రాలు తిరుగుతున్నాయి, ఆవిరి చప్పుడు వస్తోంది. కూత మీట నొక్కాను. ఏమీ లేదు. మా ఆవిడ కళ్ళు మూసుకుంది. మెల్లగా తలూపి, "ఇదీ" అంది.

ఇంకోసారి నొక్కమంది. నొక్కాను. పక్క బల్ల దగ్గర బావమరిది కుంచె ఆపి ఇటు చూశాడు. మేనేజరమ్మ తన గది తలుపు తీసి నిలబడింది. ఎవరూ చెవులు మూసుకోలేదు. నేను వాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ చూశాను. చాలా బాగుందని అర్థమైంది.

ఆ అంకె అక్కడే ఉంచి, మూత బిగించేశాను.